కసువు కుప్పలోంచి నన్నెత్తిన ఐవారు

మా చిన్నప్పుడు... జమ్మలమడుగు బడిలో హాజరు పిలుస్తూ పిలుస్తూ ఏ ఐవారైనా ఒక పేరు దగ్గర ఆగిపోయేవారు. ఒకాయన కళ్లద్దాలు తీసి తుడుచుకునేవారు. ఇంకొకాయన ముక్కు మూసుకున్నట్టు పిలిచి, తన హాస్యానికి తానే మురిసిపోయేవారు.

ఆ పేరు నాదే... కుప్పమ్మ. ఈ రాత రాస్తున్నదీ ఆ పేరుతోనే. మారుపేరు కాదు, అడగొద్దు.

మా అమ్మకు నాకంటే ముందు ముగ్గురు పుట్టి పోయారు. ఒక్కరికీ ఏడాది నిండలేదు. నేను పుట్టగానే చేటలో వేసి, ఇంటి వెనక చెత్తాచెదారం పోసే కసువు కుప్ప మీద పెట్టి, వెనక్కి చూడకుండా వచ్చేసిందట. పొరుగామె నన్ను ఎత్తుకొచ్చి, "ఎవరి బిడ్డో కుప్పలో దొరికింది, సాక్కుంటావా?" అంటే, పిడికెడు తవుడిచ్చి కొనుక్కుందట. కన్నతల్లే పారేసిన బిడ్డ మీద చావు కన్ను పడదని మా వైపు నమ్మకం. కుప్పలో దొరికాను కాబట్టి కుప్పమ్మను...

అయిదో తరగతిలో ప్రొద్దుటూరు నుంచి శేషశర్మ ఐవారు కొత్తగా వచ్చారు. మడి, ఆచారం, చలువ పంచె... తాగే నీళ్లు కూడా ఇంటి నుంచే చెంబులో తెచ్చుకునేవారు. మొదటి రోజు నా పేరు దగ్గర ఆయనా ఆగారు. తరగతంతా నవ్వింది. ఆయన నవ్వలేదు.

"బంగారట్లాంటి పిల్లకు ఇదేం పేరమ్మా? ఇయ్యాల్టి నుంచి నువ్వు సుశీలవు" అని హాజరు పుస్తకంలో రాసేశారు. అప్పట్లో పిల్లల పుట్టిన తేదీలూ పేర్లూ ఐవార్ల కలంలోంచే పుట్టేవి. ఎవరినీ అడిగే పని లేదు.

నా సంబరం ఏం చెప్పను... పలక మీద సుశీల, ప్రహరీ గోడ మీద బొగ్గుతో సుశీల. ఇంట్లో మటుకు చెప్పలేదు. చెబితే ఆ పేరు నాకు దక్కదని తెలుసు.

నాలుగో రోజు చలిజ్వరం పట్టుకుంది. బడికి ఎందుకు రాలేదో కనుక్కుందామని నా స్నేహితురాలు మధ్యాహ్నం బడి వదిలినప్పుడు వచ్చి గుమ్మంలోంచి "సుశీలా!" అని పిలిచింది.

అమ్మ చేతిలో గంజి చెంబు అట్లాగే ఆగిపోయింది. "సుశీల ఎవురే?" అంది. చెప్పాను. తిట్టలేదు. మా అమ్మ తిట్టలేదంటే భయపడాల్సిందే.

నేరుగా బడికి నడిచింది. ఆ తర్వాత జరిగింది నా స్నేహితురాలు చూసి చెప్పింది. ఎన్నడూ బడి మెట్లెక్కని మా అమ్మ తరగతి గడప బయట నిలబడి, "సామీ, నా బిడ్డ పేరు నాకియ్యి. పేరు మారి నాలుగు దినాలు కాలే, జరమొచ్చె" అందట.

"పేరుకు జ్వరం రాదు తల్లీ. దోమ కుడితే వస్తుంది. క్వినైను ఇప్పించు."

"ఇప్పిస్తాండా సామీ. మందూ ఇప్పిస్తా, పేరూ ఇప్పిస్తా. ముందు ముగ్గురికీ దేవుళ్ల పేర్లు ఏరి ఏరి పెట్టుకుంటి. ముగ్గుర్నీ ఏటి ఒడ్డున పూడ్చి వస్తి. నీ సదువు తప్పని నేనంటాండానా? నాకు మిగిలిండేది ఈ ఒక్కతే."

ఐవారు ఎర్రసిరా తీసి సుశీలను కొట్టేసి, పక్కన కుప్పమ్మ అని రాసి, "సరిపోయిందా తల్లీ?" అన్నారట.

"చాలదు సామీ. పేరు తీసిన చెయ్యే బిడ్డను మళ్లా కుప్పలోంచి ఎత్తాల."

పిల్లలంతా ఐవారి చలువ పంచె వంకే చూశారట...

ఆ సాయంత్రం ఆయన వచ్చారు. ఇది మటుకు నేనే చూశాను... కుప్ప మీద కూర్చుని చూశాను! చేటలో పట్టే వయసు దాటింది కాబట్టి అమ్మ చేటను పీటలా వేసి, నన్ను దాని మీద కూర్చోబెట్టి, దుప్పటి కప్పి, వెనక్కి చూడకుండా ఇంట్లోకి పోయింది. బూడిద, పేడ, కోడి ఈకలు... వీధి వీధంతా గోడలెక్కి చూస్తోంది.

ఐవారు చెప్పులు విడిచారు. గుడి ముందు విడిచినట్టు విడిచారు. పంచె పైకి కట్టి, చీలమండల దాకా ఆ కసువులోకి దిగారు. నన్ను ఎత్తబోయి ఒకసారి తూలి, నా చెవిలో మెల్లగా అన్నారు: "మీ అమ్మ సంగటి బాగానే పెడతాందే కుప్పమ్మా!"

అంత జ్వరంలోనూ నవ్వొచ్చింది.

మోసుకెళ్లి మా గడపలో నిలబడి, మంత్రం చదివినంత శ్రద్ధగా అడిగారు. "అమ్మా, ఎవరి బిడ్డో కుప్పలో దొరికింది... సాక్కుంటావా?"

అమ్మ పిడికెడు తవుడిచ్చింది. ఆయన దాన్ని మూల తిరగ్గానే పారబోస్తారనుకున్నాను. ఉత్తరీయం కొంగున ముడేసుకుని తీసుకుపోయారు.

జ్వరం తగ్గింది క్వినైనుకే... అమ్మ మటుకు పోయేదాకా ఆ ఘనత ఐవారి చేతికే ఇచ్చింది. నేను వాదించలేదు. అంత చదివిన ఆయనే వాదించనప్పుడు నేనెంత?

నేను మళ్లీ బడికి వెళ్లిన రోజు ఆయన హాజరు పిలిచారు. నా ముందున్న పేరు ఏ గొంతుతో పిలిచారో నా పేరూ అదే గొంతుతో... "కుప్పమ్మ." ఆగలేదు. ఎవరూ నవ్వలేదు.

తర్వాత నేనూ పులివెందులలో టీచరునయ్యాను. రిటైరయ్యేదాకా హాజరు పిలిచాను. పుల్లయ్య, తవుడమ్మ, ఫకీరప్ప... ఒక్క పేరు దగ్గరా ఆగలేదు. నాకు వచ్చిన చదువులో అది పెద్ద చదువు.

ఇప్పుడు మా మునిమనవరాలి పేరు పలకాలంటే నా కట్టుడు పళ్లు ఒప్పుకోవు. కుప్పమ్మలు మాత్రం పుట్టడం లేదు. బిడ్డలు బతుకుతున్నారు కదా... చావు కన్నుగప్పే పని తల్లులకు తప్పింది. మంచిదే. నా పేరు నాతోనే పోవాలి. అయినా ఆయన పిలిచినట్టు ఇంకొక్కసారి ఎవరైనా పిలిస్తే బాగుండును...

మీ బడి హాజరులోనూ ఇట్లాంటి పేరు ఒకటి ఉండే ఉంటుంది. మీరు నవ్వి కూడా ఉంటారు, దాచుకోకండి. ఆ పేరు ఇక్కడ రాయండి... నేను ఆగకుండా చదువుతాను.