మావారి మీద ఫిర్యాదు నేనే రాశాను

డెబ్బైల చివర్లో మావారు అమెరికాలో ఒక ఆదివాసీ తెగ ఉండే చోట ప్రభుత్వ ఆసుపత్రి డాక్టరు. ఆ ఆసుపత్రిని ఇకమీదట వాషింగ్టన్ కాదు, తామే నడుపుకోవాలని తెగ కౌన్సిల్ అనుకుంది. ప్రభుత్వంతో చర్చలకు కూర్చునే ముందు ఇంటింటికీ వెళ్లి తమవాళ్లను అడగాలని తీర్మానించారు. నేను అప్పుడే కౌన్సిల్ ఆఫీసులో టైపిస్టుగా చేరాను. డ్రైవింగ్ లైసెన్సూ కొత్తగా వచ్చింది. ఇంకేం, స్కూల్లో వంట చేసి రిటైరైన ఒక పెద్దావిడను కారులో తిప్పే పని నాకు పడింది. ఆవిడ వాళ్ల భాషలో అడిగి జవాబు నాకు ఇంగ్లీషులో చెప్పాలి. నేను 'సరే' అనో 'వద్దు' అనో టిక్కు పెట్టాలి.

మొదటి ఇంట్లోనే టిక్కు కుదరలేదు. ఆ ఇల్లాలు మాకు సూప్ పోసి, రొట్టె పెట్టి, "మందులిచ్చే కిటికీ నాలుగింటికే మూసేస్తారు. నేను పని నుంచి వచ్చేది ఐదింటికి. ఎవరు నడిపినా నాకొకటే, ఆ కిటికీ తెరిచి ఉంటే చాలు" అంది.

"ఇది సరేనా, వద్దా?" అని పెద్దావిడను అడిగాను.

"ఆమె అన్నది రాయమ్మాయ్."

అలా మూడు వారాలు. ఒక్క ముక్కలో జవాబు చెప్పినవాళ్లు లేరు. కాగితాల అంచులు నిండాయి, వెనక వైపులూ నిండాయి. తిన్న రొట్టెలకి నా స్వెటర్ బిగుతైంది.

ఒక ముసలాయన నా వంక చూసి నేరుగా ఇంగ్లీషులోనే అన్నాడు. నేనెవరి భార్యనో ఆయనకు బాగా తెలుసు. "డాక్టరు మంచివాడే. కానీ తలుపు దగ్గర నిలబడే మాట్లాడతాడు. ఎప్పుడు వెళ్లిపోదామా అన్నట్టు."

నా పెన్ను ఆగింది. ఆసుపత్రిలో ఆయన గది బయట ఇంకా ఇరవై మంది రోగులు ఎదురుచూస్తుంటారని చెప్పబోయాను. పెద్దావిడ కిటికీలోంచి కుక్కను చూస్తూ కూర్చుంది, నన్ను తొందరపెట్టలేదు. రాశాను.

ఒక ఆదివారం మధ్యాహ్నం స్కూల్ జిమ్‌లో అందరూ చేరారు. పెద్దావిడ ఆ మాటలన్నీ పేర్లు లేకుండా పైకి చదివింది. తలుపు మాట రాగానే జిమ్ అంతా నవ్వింది. వెనక గోడకు ఆనుకుని నిలబడ్డ మావారు మెల్లగా కుర్చీ లాక్కుని కూర్చున్నారు.

కారెక్కాక అడిగారు. "అది టైప్ చేసింది నువ్వేనా?"

"నేనే."

"నాకు ముందే ఒక మాట చెప్పొచ్చుగా!"

"చెప్తే మీ ఎక్స్‌ప్లెనేషన్ కూడా టైప్ చేయమనేవారు."

మూడో రోజు, రోగుల పక్కన కూర్చోడానికి చక్రాల స్టూలు ఒకటి కొనుక్కొచ్చారు.

చర్చలు ఏడాది పైనే సాగాయి. మందుల కిటికీ రోజూ సాయంత్రం తెరిచి ఉండాలని కౌన్సిల్ పట్టుబట్టింది. డబ్బివ్వాల్సిన ప్రభుత్వం చివరికి వారానికి రెండు రోజులకే ఒప్పుకుంది. ఆసుపత్రి మాత్రం తెగ చేతికొచ్చింది. పాత ఉద్యోగులందరినీ మళ్లీ ఇంటర్వ్యూకి పిలిచారు. అడిగేవాళ్లలో పెద్దావిడ కూడా ఉంది. మావారు టై కట్టుకుని వెళ్లారు. కాలేజీ వైవాకి కూడా ఇంత భయపడలేదని వచ్చాక చెప్పారు. ఉద్యోగం ఇచ్చారు. మేం అక్కడ ఇంకో ఆరేళ్లున్నాం.