సరోజ కంటికొసన మూడు చుక్కలు

దీనులను లేవనెత్తే దేవునికి స్తోత్రం. నా చేతులతో జరిగిన మేలు ఆయనది. నా నోటితో జరిగిన కీడు మాత్రం నాదే. ఇది ఆ కీడు గురించి.

2011. తెలంగాణ కోసం సకల జనుల సమ్మె సాగుతోంది. మహబూబాబాద్‌లో మా చిన్న మిషన్ దవాఖానకు ఆ రోజు డాక్టరు రాలేకపోయారు. నర్సును నేనొక్కదాన్నే ఉన్నాను. పొద్దున్నే తండా నుంచి ఒక తల్లి తన కూతురు సరోజను ఆటోలో తెచ్చింది. పంతొమ్మిదేళ్ళ పిల్ల. ముఖం ఎడమవైపు ఉబ్బి కన్ను మూసుకుపోయింది. చిన్నప్పుడు కంటికొసన పొడిపించిన మూడు చుక్కల పచ్చబొట్టు మీద నల్లజీడి గింజ రసం పూసుకుంది. అది తగిలిన చోట చర్మం కాలి బొబ్బలెక్కుతుంది.

"ఎన్నడు పూసినవు బిడ్డా?"

"మొన్న. శుక్రారం ఇంటర్వ్యూ ఉన్నది సిస్టరమ్మ. బొట్టు పోయిందా?"

సెలైన్ వాష్ చేశాను, అంటే శుద్ధమైన ఉప్పునీటితో కడిగాను. రెప్ప తెరుచుకోలేదు. సెల్యులైటిస్, అంటే చర్మం కింద ఇన్ఫెక్షన్ పాకడం, కంటిదాకా వెళ్తే చూపే పోవచ్చు. వరంగల్ కంటి డాక్టరుకు రిఫరల్ చీటీ రాసి, నేనూ వెంట వెళ్ళాలని దవాఖానకు తాళం వేశాను.

ఎందుకంటే నెల క్రితం ఆ పిల్ల హైదరాబాద్‌లో రిసెప్షనిస్టు కొలువు కోసం ఆరోగ్య పత్రానికి వచ్చినప్పుడు, "పెద్దోళ్ల నడుమ కూసునే కొలువు. గీ చుక్కలు లేకుంటే ఎంత మంచిగుందువు. బైబిల్ వాక్యం గూడ గివి వద్దనే అంటది" అన్నది నేనే. కూలి ఇంట పుట్టి, చర్చి సంఘం సాయంతో చదువుకుని నర్సునయ్యాను. శుభ్రత, పెద్దింటి వాలకం, దేవుడు కోరే పరిపూర్ణత, మూడూ ఒకటే అనుకునేదాన్ని.

బస్సులు లేవు. అదే ఆటోలో బయలుదేరాం. ఊరు దాటగానే రోడ్డుకు అడ్డంగా మూడు రాళ్ళ పొయ్యి, దాని మీద అన్నం ఉడికే గంజు, అంటే పెద్ద గిన్నె. సమ్మెకారులు నిరసనగా రోడ్డు మీదే చేసే వంటావార్పు.

"ఇయ్యాల బండి కదలదు," అన్నాడు గరిటె పట్టుకున్న పెద్దమనిషి.

తల్లి మాట్లాడకుండా కూతురి ముఖం మీది కొంగు తీసింది. ఆయన గరిటె కింద పెట్టాడు. "గంజు దించుండ్రి. తొవ్వ ఇడువుండ్రి."

ఇద్దరు గుడ్డలతో పట్టి దించారు. "జర మెల్లగ పోనియ్యన్నా, గంజి ఒలికితే సిస్టరమ్మ మాకే కట్టు కట్టాలె," అన్నాడొకడు ఆటో అతనితో. నవ్వలేకపోయాను.

ఆటో కదిలాక తల్లితో చెప్పేశాను. "అక్కా, చుక్కల సంగతి దానికి చెప్పింది నేనే."

"ఎరుకే. దినాం నీ మాటనే చెప్తది. నీ మాట ఇని కాల్చుకున్నది, నీ మాట ఇంటెనే కండ్లల్ల మందు ఏసుకుంటది. గందుకే నీ తాన్కే తెచ్చిన."

వరంగల్ చేరేదాకా నేను సరోజ చెయ్యి వదల్లేదు. కన్ను దక్కింది. ఇంటర్వ్యూ తప్పిపోయింది. మానిన మచ్చ కింద మూడు చుక్కలూ అలాగే ఉన్నాయి.

ఆ తర్వాత మనిషి ఒంటిని చూసి నోరు తెరిచే ముందు, అడిగింది మందా, నా అభిప్రాయమా అని ఆగి చూసుకుంటున్నాను. నాతో కలిసి ప్రార్థించండి: ప్రభువా, మా మాటను నమ్మేవాళ్ళను మా మాట నుంచి కాపాడు. ఆమెన్.