వేడి ఎక్కడుందో వెతికిన ఎండాకాలం

మా వంటింట్లో ఫ్రిజ్ మీద ఒక మాత్రల షీటు ఉంది. తెచ్చి చాలా రోజులైంది, ఇంకా ఒక్క మాత్ర కూడా గిల్లలేదు. కీళ్లవాతానికి వారానికొకటి వేసుకోమని తిరుపతిలో డాక్టరమ్మ రాసిచ్చిన కొత్త మందు అది. పొద్దున లేస్తే నా వేళ్లు బిగుసుకుపోయి జడ అల్లుకోవడానికీ రావు, అన్నం కలుపుకోవడానికీ రావు. చెంచాతో తింటున్నాను, అలా తింటే తిన్నట్టే ఉండదు. అయినా పెట్టెలోని మడతల కాగితం విప్పి భూతద్దం పెట్టుకుని చదివిన రోజు నుంచి ఆ షీటు మీదికి చెయ్యి పోవడం లేదు. నోటిపూత, వికారం, జుట్టు రాలడం, కాలేయం... మాత్ర మింగకముందే దువ్వెనలో వెంట్రుకలు చూసుకుని బెంబేలెత్తినదాన్ని లోకంలో నేనొక్కదాన్నే అయివుంటాను.

షీటును ముక్కు దగ్గర పెట్టుకుని చూశాను. ఏ వాసనా లేదు. మా అవ్వ, అంటే నాయనకు అమ్మ, తన మాత్రలను ఇంగువ డబ్బాలో దాచేది. ఇప్పటికీ ఇంగువ వాసనొస్తే నాకు చంద్రగిరి పక్కన మా ఊరూ, ఎండకు కాగిన కోట కొండా, గడ్డిలో మాగేసిన మామిడికాయలూ, రోట్లో నూరుతున్న చెనిక్కాయల ఊరుబిండి పచ్చడీ, అరుగు మీద నేనూ అక్కా గులకరాళ్లతో ఆడుకున్న అచ్చెనగండ్లూ అన్నీ ఒక్కసారే గుర్తొస్తాయి. అవ్వ కుండను కాళ్ల మధ్య అదిమిపెట్టి కట్టెతో రాగిసంగటి గెలికి, చేతులు నీళ్లలో ముంచి, పొగలు కక్కే సంగటిని నున్నటి ముద్దలు చేసేది. అలాంటి ఆమె వేళ్లు వాతంతో అల్లం కొమ్ముల్లా ఉబ్బి వంకర్లు తిరిగాయి. ఇక అమ్మే ముద్దలు చేయాల్సి వచ్చింది. అవ్వ వాటిని చూసి మొహం అటు తిప్పుకునేది.

నాయన ఆమెను తిరుపతి ఆస్పత్రికి తీసుకుపోయాడు. డాక్టరు మాత్రలిచ్చి, తిన్న తర్వాత వేసుకోమన్నాడు, ఏమైనా తినొచ్చన్నాడు. బస్సు దిగేదాకా అవ్వకు అదే అనుమానం.

"పత్యం లేని మందేం మందురా? ఆయన ఏందో దాస్తా ఉండాడు."

పక్కింటామె అగ్గికి ఆజ్యం పోసింది. "ఇంగ్లీషు మాత్రలు శానా వేడి, పెద్దమ్మా. ఒళ్లంతా ఉడికిపోతాది."

సైడ్ ఎఫెక్ట్ అన్న మాట మా ఇంట్లో ఎవరికీ తెలియదు. అంతా వేడే. కళ్లు ఎర్రబడితే వేడి, నోరు పొక్కితే వేడి, పిచ్చి కలలొస్తే అదీ వేడే. ఆ వేడి మాత్రలో ఎక్కడుంటుందో చూడాలని నాకు మహా కుతూహలం. ఒకటి తీసి చెంపకు ఆనించుకుంటే చల్లగా ఉంది. గిన్నెడు నీళ్లలో వేసి వేలు ముంచి కూర్చున్నాను. సున్నంలా కరిగిపోయిందే గాని నీళ్లు వెచ్చబడలేదు. అవ్వ చూసేసింది. వీపు విమానం మోత మోగుతుందనుకున్నాను.

"ఏమన్నా కాగినాయా?" అని అడిగింది, నాకంటే ఎక్కువ ఆశగా.

మరునాటి నుంచి మాకు ఉద్యోగాలు పడ్డాయి. పొద్దున్నే వాకిట్లో ఎండకు ఎదురుగా అవ్వ కూర్చుంటే అక్క కళ్లు చూడాలి, నేను నాలుక చూడాలి. మాడున ఆముదం, మజ్జిగలో సబ్జా గింజలు, పూటపూటా సొరకాయ. డాక్టరు పెట్టని పత్యం తనే పెట్టుకుని చింతపండూ వంకాయా మానేసింది. ప్రాణం కంటే ఇష్టమైన ఊరుబిండి కూడా మానేసింది. ఆ సొరకాయ మా గొంతుల్లోకీ దిగాల్సిందే.

రాను రాను వేళ్లు వదులయ్యాయి. ఒక మధ్యాహ్నం మా ఆటలో జారిపోయిన రాయిని అవ్వ అందుకుని పైకెగరేసి, చటుక్కున పట్టుకుంది. పట్టుకున్నాక తన చేతిని తనే వింతగా చూసుకుంది. "గంగజాతరకు సంగటి నేనే గెలుకుతా" అని ఇల్లంతా చాటింది.

ఆ తర్వాతే నేనొకటి కనిపెట్టాను. కొట్టం వెనక అవ్వ తడిగుడ్డ కడుపుకు అదుముకుని, కళ్లు మూసుకుని, గుక్కగుక్కగా మజ్జిగ తాగుతోంది. నాలుక నా వంతు, కళ్లు అక్క వంతు, కడుపు ఎవరి వంతూ కాదు.

"నాయనకు సెప్పబాక పాపా. సెప్తే మాత్రలు నిలిపేస్తాడు. కడుపు మంటదేముండాది? ఈ సేతులు మళ్లీ రావు."

రాని వేడి కోసం రోజూ వెతికించిన మనిషి, వచ్చినదాన్ని ఎందుకు దాస్తోందో నాకు ఎంతకీ అర్థం కాలేదు. జాతర పొద్దున పొయ్యి ముందు కట్టె పట్టుకున్న అవ్వ చెమటలు కక్కుతూ గోడకు ఒరిగిపోయింది. నాకు పైప్రాణాలు పైనే పోయాయి. ఏడుస్తూ నాయనకు ఉన్నదంతా చెప్పేశాను, పరగడుపున మాత్ర వేసుకోవడంతో సహా. అవును, పరగడుపునే. పుట్టినప్పటి నుంచి ఆమె మింగిన ప్రతి నాటుమందూ పరగడుపునే కదా, అన్నం తింటే మందు బలం పోతుందని ఆమె లెక్క.

ఆస్పత్రిలో డాక్టరు తల పట్టుకున్నాడు. "తిన్న తర్వాత అంటిని గదమ్మా! మంట పుట్టిన రోజే వచ్చి సెప్పుంటే మందు మార్చిచ్చుందును. నువ్వు దాస్తే నేనేం సేసేది?"

ఆయన మందు మార్చాడు. కడుపు కుదుటపడింది, చేతులూ నిలిచాయి. తిరుగు బస్సులో అవ్వ నన్ను ఒళ్లోకి లాక్కుని, "నీ నోట్లో నువ్వుగింజ నానదు గదే" అని బుగ్గ గిల్లింది. గట్టిగా గిల్లింది, నొప్పి పుట్టేలా. ఆ ఏడు జాతర సంగటి అమ్మే గెలికింది. తర్వాతి రోజుల్లో మాత్రం ముద్దలు అవ్వే చేసింది.

ఇప్పుడు అవ్వ లేదు, అమ్మా లేదు. ఆ వాకిలికి టైల్సు పరిచారు. ఎవరి ఒంట్లో ఏం జరుగుతోందో ఇంటిల్లిపాదీ చూసే పొద్దులు పోయి, ఎవరి భయం వాళ్లం ఫోనులో వెతుక్కుంటున్నాం. అవ్వ భయపడింది మంటకు కాదు, చేతులు మళ్లీ పోతాయేమోనని. అది తెలియడానికి నా వేళ్లు కూడా బిగుసుకుపోవాల్సి వచ్చింది.

నిన్న డాక్టరమ్మకు ఫోన్ చేసి, సిగ్గుపడకుండా జుట్టు దగ్గర్నుంచి కాలేయం దాకా అన్నీ అడిగేశాను. ఏది కనిపిస్తే వెంటనే రావాలో, రక్తపరీక్ష ఎప్పుడో చెప్పింది. ఈ పొద్దున ఇడ్లీ తిని, మాత్ర గిల్లి, నీళ్లతో మింగాను. మా ఆయన పేపరు పక్కన పెట్టి నన్నే చూస్తున్నాడు.

"ఏమన్నా అయితే దాయకుండా సెప్పు మే."

"సెప్తా. నాకు భయంగా ఉండాది, ముందు అది సెప్తా ఉండా."

ఆయన కుర్చీ నా పక్కకు లాక్కున్నాడు.