కొమరయ్య కట్టిన బాయి

2023 వానాకాలం. దమ్మపేట శివారులో, పామాయిల్ తోటల మధ్య ఒక రేకుల హాలులో మా డే సెంటర్ నడిచేది. చూపు పోయినవాళ్లు, పక్షవాతం నుంచి కోలుకుంటున్నవాళ్లు, మనసు బాగాలేనివాళ్లు వచ్చి మధ్యాహ్నం దాకా ఉండేవాళ్లు. నేను అక్కడ ఆర్ట్ ఫెసిలిటేటర్‌ని. బొమ్మలు నేర్పే పని కాదది. రంగులో మట్టో ముందు పెట్టి, వాళ్లు ఏం చేస్తారో పక్కన కూర్చుని చూడటం.

రేకుల మీద సన్నటి వాన పడుతుంటే హాలంతా నీళ్ల అడుగున ఉన్నట్టుండేది. అట్లాంటి ఒక పొద్దున లచ్చమ్మ తన భర్త కొమరయ్యను చెయ్యి పట్టుకుని తీసుకొచ్చింది. బొగ్గు బాయిలో ముప్పయ్యేళ్లు పనిచేసి రిటైరైన మనిషి. షుగరుతో రెండు కళ్లూ పోయాయి.

"ఏడాదాయె మేడమ్, ఇన్సులిన్ వద్దంటడు. నాతోనైతే పలకనే పలకడు" అంది.

తడి మట్టి ముద్ద ఆయన చేతుల్లో పెట్టాను. చాలాసేపు వాసన చూశాడు. తర్వాత మూడు వారాలు వంచిన తల ఎత్తకుండా కట్టాడు. పొడవాటి దారి, దానికి అడ్డదారులు, మధ్య మధ్య లావుపాటి స్తంభాలు, పైన పలచటి కప్పు. ఆరిపోకుండా నేను రోజూ తడిగుడ్డ కప్పేదాన్ని.

నాలుగో వారం ఉన్నట్టుండి "లచ్చమ్మా, ఇటు రా" అన్నాడు. ఆమె ఉలిక్కిపడింది.

"కండ్లు మూస్కో. చెయ్యియ్యి."

ఆమె వేళ్లు పట్టుకుని మట్టి దారిలోకి నడిపించాడు. "గిది మా బాయి. గీడ నీళ్లు కారుతయి, జర పైలం. గిది మేం బువ్వ తినే జాగ."

"సల్లగున్నదయ్యా" అని ఆమె కళ్లు మూసుకునే నవ్వింది.

ఇంకొంచెం లోపలికి పోయాక ఆయన చెయ్యి ఆగింది. "గీడనే, నాతోని పనిచేసే యాదగిరి మీద కప్పు కూలి పాణం పోయింది."

"నాకెరుకే గద."

"ఎరుక లేనిదొకటున్నది. ఆ పొద్దు గీడ పని నాది. నేను రాలేదని ఆయన్ను పంపిండ్రు."

ఆమె నవ్వు పోయింది. "ఆ పొద్దు నాకు జెరం. నేనే నిన్ను పోనియ్యలే."

"అందుకే చెప్పలే."

లచ్చమ్మ ఆయన భుజం మీద నుదురు ఆనించింది. "గిన్నేండ్లు ఒక్కనివే మోసినవా?" అంది.

తర్వాత కొమరయ్య, "ఇగ దీన్ని మూసెయ్యాలె" అన్నాడు.

"ఉంచుదాం పెద్దయ్యా, కాలిస్తే గట్టిపడుతుంది" అన్నాను కంగారుగా.

"వద్దు బిడ్డా. బొగ్గు తీసినంక బాయిని గట్ల ఇడువరు."

డీపిల్లరింగ్ గురించి అప్పుడే విన్నాను. కప్పును మోస్తున్న బొగ్గు స్తంభాలను లోపలి నుంచి ఒక్కొక్కటే తీసుకుంటూ మనుషులు వెనక్కి వచ్చేస్తారు. ఖాళీ అయిన చోటు వాళ్ల వెనక కూలిపోతుంది.

మట్టి బాయిలోనూ అట్లాగే, ఆమె లోపలి నుంచి ఒక్కో స్తంభం తీసేది. ఆయన "ఇగ ఎనక్కి రా" అనేవాడు. మట్టి కప్పు చప్పుడు లేకుండా, నిద్రలోకి జారినట్టు కుంగేది. ఆఖరుకు నాలుగు చేతులూ బయటికొచ్చాయి.

మరుసటి వారం లచ్చమ్మ, "ఇన్సులిన్ తనే అడిగి ఏయించుకుంటుండు మేడమ్. మాటలైతే ఆపుడే కష్టమైతంది" అని నవ్వింది.

అంతవరకు, మిగిలిన బొమ్మే నా పనికి సాక్ష్యమనుకునేదాన్ని. ఇప్పుడు ఎవరిది పూర్తయినా, ఉంచాలా వద్దా అని ముందు వాళ్లనే అడుగుతాను. జవాబు వచ్చేదాకా ఆ మట్టి మీద చెయ్యి వెయ్యను.