బేస్తారం చీర

మొన్న మా కోడలు పాలియెస్టర్ జాకెట్ మీద ఇస్త్రీ పెట్టె పెట్టి, ఫోన్‌లో మాట్లాడుతూ మరిచిపోయింది. ఇల్లంతా కమురు వాసన. "అయ్యో, నా కొత్త జాకెట్!" అని ఆ పిల్ల లబలబలాడుతుంటే ఓదార్చాల్సిందాన్ని, పక్క గదిలోకి వెళ్లి కూర్చున్నాను. ఆ వాసన నాకు కొత్త కాదు. చాలా ఏళ్ల కిందట మెదక్‌లో ఒక గురువారం పొద్దున నా చేతులారా పుట్టించిన వాసన అది. ఇప్పటికీ అది ముక్కుకు తగిలితే తల ఎత్తబుద్ధి కాదు.

అప్పుడు నాకు ఇరవై రెండేళ్లు. రామాయంపేట నుంచి వచ్చి మెదక్‌లో ఆడపిల్లల బడిలో టీచరుగా చేరాను. ఉద్యోగం ఇంకా పక్కా కాలేదు. చర్చి దగ్గర ఒక గది కిరాయికి తీసుకున్నాను. గోడ అవతలి ఇల్లు మా బడిలోనే లెక్కలు చెప్పే సుగుణమ్మ టీచర్‌ది. నాకంటే పాతికేళ్లు పెద్ద, ఒంటరి మనిషి. బడికి కట్టుకునే చీరలు ఆవిడకు ఆరే ఆరు, అన్నీ నేత చీరలే. వారానికి ఆరు రోజులు, రోజుకొకటి. వరస తప్పేది కాదు. ఏటా క్రిస్మస్‌కి కొత్తదొకటి కొని, అన్నిటికంటే పాతదాన్ని చించి దిండు గలీబులు కుట్టేవారు.

నాకేమో నైలాన్ పిచ్చి. అవి అప్పుడప్పుడే మా ఊరి దుకాణాల్లోకి వస్తున్నాయి. ఒకసారి ఆవిడ నన్ను నేత చీరల దుకాణానికి తీసుకెళ్లారు. చీర కొంగు తడిపి, తెల్ల రుమాలుతో రుద్ది, రంగు దిగుతుందేమో చూస్తున్నారు. "టీచరమ్మా, గట్ల రుద్దితే నా చీర ఖరాబైతది!" అని దుకాణదారు మొత్తుకున్నా వినలేదు.

"పది దుకాన్లు తిరుగు బిడ్డా, ఒక్కటి కొను. అది చినిగేదాంక కట్టు. మస్తు చీరలున్నోళ్లకు పొద్దుగాల లేస్తే ఏం కట్టుకోవాల్నో తెల్వక పరేషాన్," అన్నారు నాతో.

"మీ కాలం వేరు టీచర్," అన్నాను. వెళ్లి ఎదురు దుకాణంలో గులాబీరంగు నైలాన్ చీర కొన్నాను.

ఆ తర్వాత కొద్ది రోజులకే నా నోటి దురుసు బయటపడింది. తొమ్మిదో తరగతిలో ఒక పిల్ల తారీఖు వేసుకుంటూ "ఇయ్యాల ఏం వారం టీచర్?" అని అడిగింది. వరండాలో వెళ్తున్న సుగుణమ్మ టీచర్‌ని కిటికీలోంచి చూపించి, "క్యాలెండర్ ఎందుకే? నీలం చీర, ఇయ్యాల బుధారం," అన్నాను. క్లాసంతా గొల్లుమంది. ఇంకేముంది, వారం తిరిగేలోపు బడంతా పాకింది. నీలం చీర బుధారం. పచ్చ అంచు మెరూన్ చీర, గురువారానిది, బేస్తారం. "అగో, బుధారం అస్తుంది!" అని పిల్లలు గుసగుసలాడేవాళ్లు. గట్టిగా ఒక్క కసురు కసిరితే ఆగేదే. నేను కసరలేదు సరికదా, నా తెలివికి నేనే మురిసిపోయాను.

ఆ ఏడాది ఇన్‌స్పెక్షన్ రెండు రోజులు పెట్టారు. బుధవారం పెద్ద టీచర్ల పాఠాలు, గురువారం నాలాంటి కొత్తవాళ్లవి. ఇన్‌స్పెక్టరమ్మ బాగుందంటేనే నా ఉద్యోగం నిలుస్తుంది. నైలాన్‌కి ఇస్త్రీ వద్దని దుకాణంలో చెప్పనే చెప్పారు. కుచ్చిళ్లు నిటారుగా నిలబడాలని నా ఆశ. గురువారం పొద్దున బొగ్గుల ఇస్త్రీ పెట్టె అలా ఆనించానో లేదో, చీర బుస్సున ముడుచుకుపోయి పెట్టెకు అంటుకుంది. ఇంకో చీర మీద సిరా మరక, మరోటి మేకుకు తగిలి చిరిగింది. ఏడుస్తూ గోడ అవతలికి పరుగెత్తాను.

సుగుణమ్మ టీచర్ తన చీరల పెట్టె తెరిచారు. అందులో గంజి పెట్టిన మెరూన్ చీర ఒక్కటే ఉంది.

"గిది బేస్తారం. కట్టుకో," అన్నారు.

గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు నా మొహం మాడిపోయింది. ఆవిడ అది చూసి నవ్వారు. "పేర్లు మంచిగనే పెట్టినవ్ బిడ్డా. నాకు గుడ ఏ వారమో యాది తప్పుతలేదు."

"మరి మీరేం కట్టుకుంటారు టీచర్?"

"మిగిలినయి చాకలింట్ల ఉన్నయి. నిన్నటిదే కట్టుకుంట. నన్ను చూసుడు నిన్ననే అయిపోయింది గద. జల్ది పో."

నా పాఠం బాగానే జరిగింది. మధ్యాహ్నం ఇన్‌స్పెక్టరమ్మ స్టాఫ్‌రూమ్‌లో అందరి ముందూ సుగుణమ్మ టీచర్‌ని ఎగాదిగా చూసింది.

"ఇదేమిటండీ, నిన్నటి చీరతోనే వచ్చేశారు? పిల్లలకి శుభ్రత నేర్పేది మనమే కదా! ఈ అమ్మాయిని చూడండి, కొత్తగా చేరినా ఎంత నిండుగా కట్టుకొచ్చిందో."

ఆ చీర ఎవరిదో గదిలో అందరికీ తెలుసు. అందరూ నావైపే చూశారు. నేను బెల్లం కొట్టిన రాయిలా కూర్చున్నాను.

"తప్పైంది మేడం," అన్నారు సుగుణమ్మ టీచర్.

సాయంత్రం చీర మడతపెట్టుకుని వాళ్లింటికి వెళ్లాను. క్షమించమని అడుగుదామనే వెళ్లాను. "టీచర్, నేను..." అన్నానో లేదో, "నౌకరి పక్కానా?" అన్నారు. అయినట్టే అన్నాను. "ఇంకేంది మరి? చాయ్ తాగు. చీర నీ కాడనే ఉండనీ, ఒక్కటన్న మంచిది ఉండాలె. నాకు క్రిస్మస్‌కు కొత్తది అస్తది గద."

క్రిస్మస్ అప్పటికి ఇంకా ఐదు నెలలుంది. ఆ ఐదు నెలలూ ఆవిడ బుధవారం రాత్రి నీలం చీర ఉతికి ఆరేసుకుని, గురువారం మళ్లీ అదే కట్టుకొచ్చారు. "వారానికి రెండు బుధారాలే!" అని పిల్లలు నవ్వారు. నేను చీర తిరిగి ఇచ్చేయొచ్చు. ఇవ్వలేదు. సిగ్గు విడిచి చెబుతున్నాను, ఇన్‌స్పెక్టరమ్మ మెచ్చుకున్నాక అది నాకు మరీ నచ్చింది. సొమ్మొకడిది సోకొకడిది అంటే నేనే.

తర్వాత నాకు బదిలీ అయింది. మళ్లీ మెదక్ వెళ్లేసరికి గోడ అవతలి ఇంట్లో వేరేవాళ్లున్నారు. సుగుణమ్మ టీచర్ పోయి ఏడాదైందన్నారు. మెరూన్ చీర చినిగేదాకా కట్టాను. దుకాణంలో కొంగు తడిపి రుద్దడం, ఏడాదికి ఒక్కటే కొనడం, పాతదానితో గలీబు కుట్టడం, అన్నీ ఆవిడవే. నా బీరువాలో ఇప్పటికీ ఆరే చీరలు. నేను రిటైరైన రోజు సభలో, "టీచర్‌గారి కట్టూబొట్టూ చూసి నేర్చుకోవాలి," అని పొగిడారు. చప్పట్లు కొట్టారు. అప్పుడైనా ఆవిడ పేరు చెప్పొచ్చు. నవ్వి దండ వేయించుకున్నాను.

ఇస్త్రీ పెట్టె చల్లారాక కోడలు నా గదిలోకి వచ్చింది. "మీ చీరలు ఎన్నేళ్లయినా గట్లనే ఉంటయి అత్తమ్మా. మీకు మస్తు తెలుసు," అంది. నేను మళ్లీ నవ్వబోయాను. నవ్వు రాలేదు. స్టాఫ్‌రూమ్‌లో అందరూ నావైపు చూసినప్పుడు గొంతులో ఆగిపోయిన మాట, ఇన్నేళ్లకు, వినాల్సినవాళ్లెవరూ లేనప్పుడు, బయటికొచ్చింది.

"ఈ చీర నాది కాదు మేడం. సుగుణమ్మ టీచర్‌ది."