అయస్కాంతం లేని స్క్రూడ్రైవర్

నూజివీడు బస్టాండు పక్కన టేప్‌రికార్డర్లు బాగుచేసే వీరాచారికి రోజూ ఏదో ఒక స్క్రూ జారిపడుతుంది. కళ్ళజోడు నుదుటికి నెట్టి, మోకాళ్ళ మీద వంగి, అరచేత్తో నేలంతా తడుముతాడు. అయస్కాంతపు స్క్రూడ్రైవర్ కొనుక్కోమంటే తల అడ్డంగా ఊపి మళ్ళీ తడుముతాడు.

ఎనభై ఆరో సంవత్సరం దాకా అలాంటిదే వాడేవాడు. ఆ ఏడు మామిడి కాపులో ముసునూరు పున్నమ్మగారు ఇరుక్కుపోయిన క్యాసెట్ ఒకటి తెచ్చారు. తోటలో చిలకల్ని తోలడానికి ఆవిడ భర్త తన గొంతుతో రికార్డు చేసిన కేకలవి. ఆయన పోయాక కూడా మైకులో అవే వేస్తున్నారు. వీరాచారి విప్పి బిగించాక, సగం కేకలు వినపడలేదు.

"టేపుకి పూసింది కంటికానని తుప్పు రేణువులండీ. ఒక్కోటీ ఓ చిన్న అయస్కాంతం. నా స్క్రూడ్రైవర్ అయస్కాంతం తగిలి వాటి వరస చెదిరింది, కేకలు చెరిగిపోయాయి. తప్పు నాదే," అన్నాడు.

ఆవిడ మిగిలినదంతా చివరిదాకా విన్నారు. క్యాసెట్‌ని కొంగులో చుట్టుకున్నారు.

"పర్లేదులెండి. చిలకలకి తేడా తెలీదు," అన్నారు.