ఖర్జూరానికి పోయిన కుళాయి

నా చిన్నప్పుడు మా సందులో పన్నెండు ఇళ్లకు కలిపి ఒకటే కుళాయి ఉండేది. చిత్తూరులో నీళ్లకు ఎప్పుడూ కటకటే. రోజు విడిచి రోజు, పొద్దున పూట గంటో గంటన్నరో వచ్చేవి. ఆ గంటన్నరలో కుళాయి దగ్గర మా సందు ఆడవాళ్లు నడిపే రాజకీయం ముందు అసెంబ్లీ కూడా దిగదుడుపే. అందులో అధికారపక్షం, ప్రతిపక్షం రెండూ మా అవ్వే.

మా అవ్వ ఇంటి అరుగు మీద ఇడ్లీ అంగడి నడిపేది. పక్కన రేడియోలో వార్తలు మోగుతూ ఉండాలి. తినడానికి వచ్చినవాళ్లకు చట్నీతో పాటు ఆమె అభిప్రాయాలు కూడా తప్పకుండా వడ్డన అయ్యేవి. ఏ పార్టీవాళ్లయినా సరే, ఏదైనా ఊరికే ఇస్తామన్నారంటే ఆమెకు ఒళ్లు మండేది. ఊరికే అనేది ఎక్కడా పండదని, మన ఇంట్లోంచే తీసుకుపోయి, దారిలో సగం తిని, మిగిలిన సగం మనకే ఇచ్చి దండలు వేయించుకుంటారని చెప్పేది. ఇంటిపన్ను కాగితం వచ్చిన రోజే మునిసిపాలిటీ ఆఫీసుకు నడిచి వెళ్లి కట్టి వచ్చేది. ఆ రసీదులన్నీ దేవుడి పటం వెనక ఉండేవి. కట్టినవాళ్లకే అడిగే నోరు ఉంటుందని ఆమె నమ్మకం. ఆ నోటిని ఆమె ఎంత వాడుకున్నదో మునిసిపాలిటీవాళ్లకే తెలియాలి.

దొంగల సంగతి వస్తే ఆమె ఇంకా గట్టిది. చిన్న దొంగతనమే కదా అని జాలిపడి వదిలేయడం ఆమెకు అస్సలు గిట్టదు. వయసు, చుట్టరికం, పలుకుబడి చూడకుండా, దొరికినవాడిని నలుగురి ముందు నిలబెట్టి వాడి నోటితోనే చెప్పించాలి. అంతే. ఈ మాట ఇడ్లీ తినేవాళ్లలో కొందరికి నచ్చేది, కొందరికి నచ్చేది కాదు. అందరూ తలలు మాత్రం ఊపేవాళ్లు, ఇంకో రెండు ఇడ్లీ వేయించుకోవాలి కదా.

మా పక్కింటి మామది వేరే తీరు. కుళాయి ఎప్పుడూ సన్నగా కారుతూ ఉండేది. అవ్వ లేచి వెళ్లి గుడ్డపీలిక బిగించి కట్టి వస్తే, ఆయన వాకిట్లో కూర్చుని నవ్వేవాడు. మనదేం పోయింది, మునిసిపాలిటీదే గదా అనేవాడు. సందులో సగం మంది మాట అదే. రోజూ వినీ వినీ నా చెవుల్లో అది బాగా నిలిచిపోయింది.

నాకప్పుడు తొమ్మిదేళ్లు. మధ్యాహ్నం పూట సైకిలుకు పెద్ద గంపలు కట్టుకుని పాతసామాన్ల ఆయన వచ్చేవాడు. విరిగిన ఇనుము, సొట్టపోయిన ఇత్తడి ఏదిచ్చినా పొట్లం కట్టి ఖర్జూరం ఇచ్చేవాడు. సందులోని పిల్లలందరూ ఏదో ఒకటి తెచ్చి వేసేవాళ్లు. మా ఇంట్లో మాత్రం పారేసేది ఏమీ ఉండదు. వంకరపోయిన మేకును కూడా మా అవ్వ సుత్తితో చక్కగా కొట్టి దాచిపెట్టేది. వాళ్లు తింటూ ఉంటే చూడడమే నా వంతు.

ఒకరోజు ఎండవేళ, నీళ్లు రాని రోజు, ఊరికే ఆడుకుంటూ కుళాయిని పట్టుకుని తిప్పాను. తిప్పుతూ తిప్పుతూ పోతే అది గొట్టం నుంచి ఊడి చేతికి వచ్చేసింది. మంచి బరువైన ఇత్తడి కుళాయి. నిజం చెప్పాలి, మొదట దాన్ని మళ్లీ పెట్టాలనే చూశాను. అది కుదరకముందే సందు మొదట్లో సైకిలు గంట వినిపించింది. ఇంక నా బుద్ధి నా దగ్గర లేదు. మునిసిపాలిటీదే గదా అనుకున్నాను. దొంగతనం చేస్తున్నానని కూడా అనిపించలేదు. పొట్లం నిండా ఖర్జూరం తీసుకుని, మా పెరట్లో రుబ్బురోలు వెనక నక్కి కూర్చుని, ఒక్కటి కూడా మిగల్చకుండా తినేశాను. గింజలను గోడ అవతలికి ఒక్కొక్కటిగా విసిరాను.

మర్నాడు పొద్దున నీళ్లొచ్చాయి. మూత లేని గొట్టంలోంచి మనిషెత్తున ఎగిరిపడ్డాయి. పిల్లలకు పండగ. పెద్దవాళ్లు కడవలు, బిందెలు అడ్డం పెట్టి తంటాలు పడి తడిసి ముద్దయ్యారు. సందంతా బురద. కింది ఇళ్లవాళ్లకు ఒక్క బిందె కూడా నిండలేదు. మా అవ్వ తడిసిన చీరతో, ఖాళీ కడవతో నిలబడి, ఆ కోపంలో ఒక మాట అన్నది. జైలుకు పోయి వచ్చినవాడు సందు చివర ఉండగా దొంగ కోసం వేరే వెతకాలా అని.

ఆ సందు చివర ఉండేది రిక్షా మామ. మద్యనిషేధం రోజుల్లో సరిహద్దు అవతల నుంచి సారా ప్యాకెట్లు తెస్తూ పట్టుబడి, కొన్ని నెలలు జైల్లో ఉండి వచ్చాడు. వచ్చాక రిక్షా తొక్కుకుంటూ, తల వంచుకుని బతుకుతున్నాడు. వాన వస్తే మమ్మల్ని బడి నుంచి ఊరికే ఎక్కించుకుని వచ్చేవాడు. కానీ మా అవ్వ నోటి నుంచి వచ్చిన మాటకు మా సందులో తిరుగులేదు. అప్పటికప్పుడే అందరికీ అంతా అర్థమైపోయింది. ఆయన భార్య బిందె తెస్తే ఎవరూ ఆమెకు వరసలో చోటివ్వలేదు. ఆమె ఖాళీ బిందెతో ఇంటికి వెళ్లిపోయింది. నేను అరుగు మీద నిలబడి చూస్తూనే ఉన్నాను.

అవి మునిసిపల్ ఎన్నికల రోజులు. మా వార్డులో నిలబడిన ఒకాయన ఆ సాయంత్రమే మా సందుకు వచ్చాడు. ఒకటి పోతే రెండు కుళాయిలు వేయిస్తానన్నాడు. కాపలాకు మనిషిని పెట్టిస్తానన్నాడు. ఇంటికొక ప్లాస్టిక్ బిందె కూడా పంచాడు. మా అవ్వ మాత్రం బిందె ముట్టుకోలేదు. రెండు కుళాయిలు పోతే నాలుగు వేస్తావా, కాపలావాడికి కూలి ఎవరింట్లోంచి ఇస్తావని అడిగింది. ఆయన నవ్వేసి, ఎల్లుండి నీళ్లొచ్చే వేళకు పోలీసును వెంటబెట్టుకుని వచ్చి ఆ రిక్షావాడి సంగతి తేలుస్తానన్నాడు. దానికి మాత్రం మా అవ్వ సరేనన్నది.

 ఆ రాత్రి చెప్పేద్దామని రెండుసార్లు అవ్వ దగ్గరకు వెళ్లాను. దొంగను నలుగురి ముందు నిలబెట్టాలన్న ఆమె మాట గుర్తొచ్చి, మంచినీళ్లు కావాలని అడిగి తాగి వచ్చాను.

మర్నాడు సాయంత్రం అవ్వ ఇడ్లీకి ఉద్దిపప్పు రుబ్బుతూ ఉంది. ఉన్నట్టుండి రోట్లో కటుక్కుమన్నది. రాయేమోనని చెయ్యి పెట్టి తీసింది. ఖర్జూరం గింజ. నేను విసిరినవాటిలో ఒకటి గోడ దాటకుండా, అక్కడే కడిగి పెట్టిన గిన్నెలో పడి, అందులో నానేసిన పప్పుతో పాటు రోట్లోకి వచ్చినట్టుంది. అవ్వ ఆ గింజను చూసింది. తరువాత నన్ను చూసింది. ఖర్జూరం ఎలా వస్తుందో, ఆ సందులో తెలియనిది ఎవరికి?

"యాడిది మే ఇది?" అన్నది.

నేను చెప్పలేదు, ఏడ్చాను. అదే చెప్పడం. కొడుతుందనుకున్నాను. కొట్టలేదు. పిండి చేత్తోనే చాలాసేపు అలా కూర్చుండిపోయింది. ఆ గింజను కాలువలోకి విసిరేస్తే అయిపోయేది, ఎవరికీ తెలిసేది కాదు. ఆమె ఆ మాట కూడా ఆలోచించి ఉంటుందని నాకు ఇప్పుడు అనిపిస్తుంది. ఆలోచించకపోతే అంతసేపు ఎందుకు కూర్చుంటుంది.

తరువాత చేతులు కడుక్కుని, సంచిలో ఏదో పెట్టుకుని, నా చెయ్యి పట్టుకుని రైల్వే గేటు దగ్గర ఉన్న పాతసామాన్ల అంగడికి నడిపించింది. అక్కడ ఇత్తడి కుప్ప నా ఎత్తు ఉంది. వెతికి తీయమన్నది. మసి, తుప్పు, సొట్టగిన్నెల మధ్య వెతికి వెతికి కుళాయిని పట్టుకున్నాను. చేతులు నల్లగా అయిపోయాయి. పాతసామాన్ల ఆయన కుళాయి ఊరికే ఇవ్వనన్నాడు, ఆయనది వ్యాపారం కదా. అవ్వ సంచిలోంచి తన ఇత్తడి చెంబు తీసింది. అది వాళ్లమ్మ ఇచ్చిన చెంబు. చింతపండుతో తోమి తోమి బంగారంలా ఉంచుకునేది. రోజూ దానితో తప్ప నీళ్లు తాగేది కాదు. దాన్ని తక్కెడలో పెట్టి, ఇత్తడికి ఇత్తడి తూచుకోమన్నది.

చెంబే ఎక్కువ తూగింది. ఆ మిగతా తూకానికి ఆయన అలవాటు కొద్దీ ఖర్జూరం పొట్లం కట్టాడు. నవ్వాలో ఏడవాలో నాకు తెలియలేదు. అవ్వ ఆ పొట్లాన్ని నా చేతిలో పెట్టి, జాగ్రత్తగా మోసుకుని రమ్మని, ఒక్కటి కూడా తీయకూడదని చెప్పింది. అంత బరువైన పొట్లాన్ని నేను మళ్లీ ఎప్పుడూ మోయలేదు.

మర్నాడు నీళ్ల వేళకు సందంతా చేరింది. ఓట్లకు నిలబడిన ఆయన వచ్చాడు, వెంట ఒక పోలీసు కూడా వచ్చాడు. రిక్షా మామ ఎవరూ పిలవకుండానే వచ్చి, రిక్షా పక్కన చేతులు కట్టుకుని నిలబడ్డాడు. అవ్వ నన్ను తీసుకెళ్లి గొట్టం పక్కన నిలబెట్టింది. దొంగ దొరికిందని, చెప్తుంది వినండని అన్నది. ఇంకేమీ అనలేదు. నాకు బదులుగా చెప్పనూ లేదు. నేను నేల చూస్తూ, నేనే తీసినానని చెప్పాను. ఎవరికీ వినిపించలేదని, మళ్లీ చెప్పమన్నది. మళ్లీ చెప్పాను.

పోలీసు మీసాల చాటున నవ్వుకున్నాడు. ఓట్లకు నిలబడిన ఆయన గట్టిగానే నవ్వేసి, చిన్నపిల్ల, తెలీక చేసింది, వదిలేయండని అన్నాడు. పక్కింటి మామ కూడా అవునవునన్నాడు. అప్పుడు మా అవ్వ అన్న మాటలు నాకు అక్షరం పొల్లుపోకుండా గుర్తున్నాయి.

"మొన్న వదలగూడదంటిమి గదప్పా. మన ఇంట్లో దొంగయితే చిన్నపిల్ల, వాళ్లింట్లో అయితే పోలీసా?"

 ఆమె రిక్షా మామ వైపు తిరిగింది. ఎన్ని పార్టీలనైనా దులిపేసే ఆ గొంతు అప్పుడు బాగా తగ్గింది.

"అబ్బయ్యా, నీ పేరు ముందర సెప్పింది నేనే. సూడకుండా సెప్పినాను. తప్పు నాది."

రిక్షా మామ కట్టుకున్న చేతులు విప్పాడు. ఆయన భార్య కొంగుతో ముఖం తుడుచుకుంది. తరువాత ఆయన ముందుకు వచ్చి చెయ్యి చాపాడు.

"కుళాయి ఇట్టియ్యవ్వా, బిగిస్తాను. నీళ్లొచ్చే టయమైపోతా ఉండాది."

మరలకు నార చుట్టి ఎంత గట్టిగా బిగించాడంటే, ఆ తరువాత ఒక్క చుక్క కారలేదు. మొదటి బిందె ఆయన భార్యదే పట్టించారు. నేను పొట్లం తీసుకెళ్లి ఆయన ముందు చాపాను.  ఆయన దాన్ని విప్పి చూసి, మొదటిసారిగా నవ్వాడు. ఒక ఖర్జూరం తీసి నా అరచేతిలో పెట్టాడు.

"తిను పాపా, ఇప్పుడు తినొచ్చు," అన్నాడు.

శిక్ష మాత్రం తప్పలేదు. బడి సెలవులు అయ్యేదాకా నీళ్లొచ్చే ప్రతిరోజూ నేను కుళాయి దగ్గర రాయి మీద కూర్చుని, ప్రతి బిందెకూ తిప్పి, ప్రతి బిందెకూ కట్టేయాలి. సందంతా నన్ను కుళాయి ఆఫీసరమ్మా అని పిలిచేది. కొన్నాళ్లకు నాకు ఆ ఉద్యోగం బాగా నచ్చింది. నీళ్లు వదిలేసి కబుర్లు చెప్పేవాళ్లను మా అవ్వ గొంతుతోనే అదిలించేదాన్ని. పక్కింటి మామ కూడా నాకు భయపడి, పాపా ఒక్క చెంబు పట్టుకుంటానని అడిగి పట్టుకునేవాడు. ఓట్లకు నిలబడిన ఆయన గెలిచాడో ఓడాడో గుర్తు లేదు. ఆ కుళాయి మాత్రం నేను పెళ్లయి పోయేదాకా మా సందులోనే ఉంది. మా అవ్వ మిగిలిన బతుకంతా స్టీలు గ్లాసుతో నీళ్లు తాగింది. చెంబు సంగతి ఎప్పుడూ ఎత్తలేదు. ఎత్తి ఉంటే నాకు కాస్త తేలికగా ఉండేది.

ఇప్పుడు నా జుట్టు సగం నెరిసింది. బస్టాండులో కుళాయి కారుతుంటే, ఎక్కిన బస్సు కదులుతున్నా సరే, దిగి కట్టేసి వస్తాను. మా పిల్లలు తలలు కొట్టుకుంటారు. ఎవరి మీదనైనా నేరం మోపాలని నాలుక దురద పెట్టినప్పుడు, ముందు మా ఇల్లు ఒకసారి చూసుకుంటాను. ఆ రోజు రుబ్బురోలు వెనక కూర్చుని తిన్న పొట్లం నిండా ఖర్జూరం ఎలా ఉందో నాకు ఏమాత్రం గుర్తు లేదు. రిక్షా మామ అరచేతిలో పెట్టిన ఆ ఒక్కటి మాత్రం ఇంకా నోట్లోనే ఉంది.